ఎమ్మెస్ ఉన్న చెల్లెలి కోసం ఇంట్లో ఏమేం మార్చుకోవాలి?

మీరు రాసింది ఇదీ: చెల్లెలికి 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటేడాది ఒక కన్ను మసకబారింది, తర్వాత నడుం కింది నుంచి తిమ్మిర్లు వచ్చాయి. ఎమ్మారై తీస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అని తేలింది. మందు మొదలైంది. ఇప్పుడు విజయవాడలో మీ దగ్గరే ఉండి ఇంటి నుంచి పని చేసుకుంటోంది. చూడటానికి ఏ జబ్బూ లేనట్టే ఉంది గానీ, పొద్దున ఉన్న హుషారు మధ్యాహ్నానికి ఉండటం లేదు. నాన్నగారు బద్ధకం అంటున్నారు, అమ్మగారేమో గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు. ఎండాకాలం వస్తోంది, పెళ్ళి మాట ఏం చేయాలో తెలియడం లేదు. ఆమెకు ఎలా సాయం చెయ్యాలి?

నాకు ముప్పై నిండకముందే ఎమ్మెస్ వచ్చింది. ఖమ్మంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. బయటికి వెళ్తే చేతికర్ర, రైల్వే స్టేషన్ లాంటి దూరాలకు వీల్‌చెయిర్. నేను డాక్టర్ని కాను, మందుల విషయం మీ న్యూరాలజిస్టు చెప్పిందే వినండి. ఇల్లు, ఎండ, బాత్రూమ్, ఉద్యోగం, చుట్టాలు, వీటి గురించైతే గట్టిగానే చెప్పగలను.

అన్నిటికంటే ముందు ఆ "బద్ధకం" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. ఇది నా కోపం కొద్దీ అంటున్న మాట కాదు. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను దెబ్బతీస్తుంది. పొర పోయిన చోట నరంలో సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మామూలు మనిషి ఆలోచించకుండా చేసే పనికి కూడా ఈ మెదడు రెట్టింపు శ్రమ పడాలి. ఆ అలసట నిద్రపోయినా పూర్తిగా తీరదు, కాఫీ తాగితే పోదు, మనసు గట్టిచేసుకుంటే అసలే పోదు. ఎమ్మెస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందిని రోజూ వేధించేది ఇదే. చాలామంది ఉద్యోగం మానేయడానికి కారణం కాళ్ళు పడిపోవడం కాదు, ఈ నిస్సత్తువే.

నాన్నగారికి ఇంకో విషయం చెప్పండి. ఇది నరాల బలహీనత కాదు, టానిక్కులతో పోయేది కాదు. పక్షవాతం కాదు. అంటుకోదు. రాత్రుళ్ళు ఫోన్ చూసినందుకో, బయటి తిండి తిన్నందుకో వచ్చింది కాదు. ఎప్‌స్టీన్-బార్ అనే మామూలు వైరస్‌కు ఇందులో పెద్ద పాత్ర ఉందని 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాల మీద జరిగిన భారీ అధ్యయనం చూపించింది. అది చిన్నప్పుడో యవ్వనంలోనో దాదాపు అందరికీ సోకే వైరస్. అందులో కొద్దిమందికే ఈ జబ్బు వస్తుంది. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మీ చెల్లెలు చేసిన తప్పు ఏదీ ఇందులో లేదు. ఈ మాట ఆమెకు విడిగా, మీ నోటితో చెప్పండి. చాలామంది ఆడపిల్లలు లోలోపల ఆ లెక్కలే వేసుకుంటూ ఉంటారు.

ఇక అలసటను ఎలా సంభాళించాలి అంటే, అలసిపోయాక పడుకోవడం కాదు, అలసిపోకముందే ఆగడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే బాగున్న రోజున మూడు రోజుల పని చేసేయాలనిపిస్తుంది. దాని ఖరీదు మర్నాడూ ఆ మర్నాడూ కట్టాలి. నా సంగతే చెబుతాను. తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని, చీర కట్టుకునేసరికే నా బలంలో పెద్ద వాటా అయిపోతుంది. అందుకని తలస్నానం కాలేజీ లేని రోజుకే పెట్టుకుంటాను, అదీ సాయంత్రం, ఇక ఎక్కడికీ పోయే పని లేనప్పుడు. వంటింట్లో ఎత్తైన స్టూలు ఉంది, కూరలు తరిగినా దోసెలు పోసినా దాని మీద కూర్చునే. పప్పు, కూర అంటూ నాలుగు రకాలు పొద్దున్నే అవ్వాలన్న పట్టింపు మా ఇంట్లో ఎప్పుడో పోయింది. మీ చెల్లెలిది ఇంటి నుంచి పని కాబట్టి, బుర్ర పెట్టాల్సిన పని అంతా పదకొండు లోపు, మీటింగులు ఆ తర్వాత, భోజనం కాగానే చీకటి గదిలో అరగంట పడక. ఈ క్రమం ఒక నెల పాటించి చూడమనండి. ఆ అరగంటలో ఎవరూ తలుపు కొట్టకూడదు.

అయితే ప్రతి నీరసాన్నీ ఎమ్మెస్ ఖాతాలో వేయకండి. థైరాయిడ్, రక్తహీనత, బీ12, విటమిన్ డి ఒకసారి చూపించండి. మన ఆడవాళ్ళలో ఇవి మామూలే, వీటికి మందు ఉంది. రాత్రి కాళ్ళు పట్టేసి, లేదా మూత్రానికి నాలుగైదుసార్లు లేచి నిద్ర చెడుతోందేమో అడగండి. డిప్రెషన్ కూడా ఎమ్మెస్‌లో చాలా ఎక్కువ. "ఇంత జబ్బు వచ్చింది కదా, దిగులు ఉండదా" అని వదిలేయకండి. జబ్బు మెదడులో చేసే మార్పుల వల్ల కూడా అది వస్తుంది, చికిత్సకు లొంగుతుంది. అలసటకని ఇచ్చే అమాంటడీన్, మోడాఫినిల్ లాంటి మాత్రలు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదని 2021లో వచ్చిన ఒక మంచి పరీక్షలో తేలింది. డాక్టరు రాస్తే వాడండి గానీ వాటి మీదే ఆశ పెట్టుకోకండి.

నిజంగా పనిచేసేది వ్యాయామం. వింతగా అనిపిస్తుంది గానీ నిజం. ఒకప్పుడు ఎమ్మెస్ వాళ్ళను కదలకుండా పడుకోమనేవారు. 1996లో అమెరికాలో సైకిల్ తొక్కించి చూసిన అధ్యయనం వచ్చాక ఆ సలహా తలకిందులైంది. చల్లటి వేళ, కొద్దికొద్దిగా, వారంలో చాలా రోజులు. ఎమ్మెస్ తెలిసిన ఫిజియో దొరికితే కాళ్ళ బిగువు, బ్యాలెన్స్ రెండూ చూస్తారు. అమ్మగారు గ్లాసు ఎత్తనివ్వడం లేదన్నారే, అది కూడా హానే. వాడని కండ త్వరగా తగ్గిపోతుంది. ఇంటి పనిలో ఏది తనది అనేది మీ చెల్లెలే ఎంచుకోవాలి. అది చేస్తుండగా ఎవరూ లాక్కోకూడదు, చేయలేని రోజున ఎవరూ అడగకూడదు.

ఇప్పుడు ఎండ. తెలుగువాళ్ళకు ఎమ్మెస్ వస్తే అన్నిటికన్నా ఎక్కువ తెలియాల్సింది దీని గురించే, మనకు చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం ఇంకా కుంటుపడుతుంది. వ్యాయామం చేస్తే కొందరికి చూపు మసకబారడాన్ని 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు గమనించి రాశారు, అందుకే వేడికి లక్షణాలు ఇలా ముదరడాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎమ్మారై లేని కాలంలో జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి మనిషిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారు.

మా కాలేజీలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం క్లాసులో ఇది నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. పైన ఆస్‌బెస్టాస్ రేకులు, ఫ్యాన్ వేడిగాలిని తిప్పుతోంది. నేను రాసిన సమీకరణం నాకే కుడి కంటితో బూడిద రంగులో, ఆ తర్వాత అసలు లేనట్టుగా కనిపించింది. కుడికాలు నేలను ఈడుస్తోంది. పిల్లలకు లెక్క ఇచ్చి స్టాఫ్ రూములో కూర్చుని, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, ఫ్రిజ్ నీళ్ళు గుక్కగుక్కగా తాగాను. అరగంటకు అక్షరాలు తిరిగొచ్చాయి, కాలు కూడా లేచింది. ఆ ఏడాది నుంచి ప్రిన్సిపాల్ గారు నా క్లాసులన్నీ పొద్దునకే మార్చారు, కింది అంతస్తులోకి.

కాబట్టి వేడికి లక్షణాలు ముదిరితే హడలిపోనక్కర్లేదు. కొత్త దెబ్బేమీ తగలలేదు, చల్లబడగానే మునుపటి స్థితికి వస్తుంది. కానీ ఆ అరగంటలో మనిషి పడిపోవచ్చు, స్కూటీ మీద ఉంటే ఇంకా ప్రమాదం. విజయవాడలో కూలర్‌ను నమ్ముకోకండి. రామగుండంలోనో నిజామాబాద్‌లోనో పొడి వడగాలికి కూలర్ బాగా పనిచేస్తుంది గానీ, మీ ఊరి ఉక్కపోతలో అది తేమ పెంచి చెమట ఆరనివ్వదు. ఆమె గదికి ఏసీ పెట్టించండి, అది ఆమెకు సౌఖ్యం కాదు, మందుల లెక్కలోదే. కరెంటు పోయినప్పటికి ఇన్వర్టర్ మీద ఫ్యాన్, ఫ్రిజ్‌లో తడిపి పెట్టిన రెండు తువ్వాళ్ళు. స్నానం గోరువెచ్చని నీళ్ళతోనే. పండగని నలుగు పెట్టి మరిగే నీళ్ళు పోయకండి. గ్యాస్ పొయ్యి దగ్గర మే నెలలో ఎక్కువసేపు నిలబడే పని వద్దు. పెళ్ళిళ్ళు ఆ నెలల్లోనే కదా, పట్టుచీర కట్టి కల్యాణ మండపంలో కూర్చోబెట్టే ముందు ఏసీ గది ఎక్కడుందో చూసుకోండి.

జ్వరానికీ ఇదే సూత్రం. జలుబు జ్వరం వస్తే కాళ్ళు పూర్తిగా జావగారిపోవచ్చు. జ్వరం దించండి, కారణం వెతకండి. జ్వరం గానీ ఇన్‌ఫెక్షన్ గానీ లేకుండా, ఒక కొత్త లక్షణం 24 గంటలు దాటి అలాగే ఉంటే మాత్రం దాన్ని అటాక్ అనుకుని న్యూరాలజిస్టుకు ఫోన్ చేయాలి. అప్పుడు సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది ఎక్కించే ముందు మూత్ర పరీక్ష చేయించారా అని మీరే అడగండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండి కాళ్ళు పడిపోతే, అటాక్ అనుకుని స్టెరాయిడ్ ఎక్కించడం అనవసరం, ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదరవచ్చు.

మూత్రం సంగతి వచ్చింది కాబట్టి, ఇది మీ చెల్లెలు మీకు చెప్పదు. వాళ్ళ వదిన గానీ అమ్మగారు గానీ మెల్లగా అడగాలి. ఎమ్మెస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుంది. వచ్చిందంటే ఆపుకోలేకపోవడం, లేదా వెళ్ళినా పూర్తిగా ఖాళీ కాకపోవడం, కొందరికి రెండూ. మన ఆడవాళ్ళు దీనికి కనిపెట్టిన మార్గం నీళ్ళు తాగడం మానేయడం. పొద్దున ఆఫీసుకు పోయి సాయంత్రం వచ్చేదాకా గుక్క నీళ్ళు తాగని అమ్మాయిలు నాకు తెలుసు. దానివల్ల మూత్రం చిక్కబడి మూత్రాశయం ఇంకా రేగుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, మళ్ళీ కాళ్ళు పడిపోతాయి. నీళ్ళు పగలంతా సర్ది తాగాలి, పడుకోవడానికి రెండు గంటల ముందు తగ్గించాలి. కాఫీ టీలు ఒకటి రెండుకు దించితే తేడా తెలుస్తుంది. వెళ్ళాలనిపించేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి గడియారం చూసి వెళ్ళాలి. వెళ్ళాక లేచి నిలబడి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ కూర్చుంటే మిగిలింది కూడా పోతుంది. అప్పటికీ నిలిచిపోతుంటే స్కానింగ్‌లో ఎంత మిగులుతోందో చూస్తారు. అవసరమైతే ఎవరికి వారే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవడం నేర్పిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది, నేర్చుకున్నవాళ్ళు మాత్రం రాత్రంతా నిద్రపోతున్నామని చెబుతారు.

ప్రయాణాలు ఇంటి గుమ్మం దగ్గర కాదు, బాత్రూమ్ దగ్గర ఆగిపోతాయి. హైదరాబాద్ ఆఫీసుకు వెళ్ళిరావాల్సి వస్తే బస్సు వద్దు, రైలు మేలు. బస్సు సూర్యాపేట దగ్గర ఎప్పుడు ఆగుతుందో, ఆగిన చోట మెట్లెన్నో, లోపల కాళ్ళ మీద కూర్చోవాల్సిన దొడ్డో కాదో తెలియని టెన్షన్‌తోనే మనిషి సగం నీరసపడుతుంది. రైల్లో వెస్టర్న్ టాయిలెట్ ఉన్న వైపు తలుపు దగ్గరి సీటు చూసుకోండి. సంచిలో ఒక జత బట్టలు, ప్యాడ్లు. చుట్టాలింటికి వెళ్ళే ముందు వాళ్ళింట్లో కమోడ్ ఉందా అని మీరే ఫోన్ చేసి అడగండి. ఆమెతో అడిగించకండి.

ఇంటి విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు, పడ్డాక మార్చడం. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన, షవర్ దగ్గర గోడకు పట్టుకునే స్టీలు పిడులు ఇప్పుడే బిగించండి. తువ్వాళ్ళు ఆరేసుకునే రాడ్డు మనిషి బరువు ఆపదు, గోడలోకి బోల్టు దిగే గట్టి రకమే తీసుకోండి. నున్నటి టైల్స్ మీద గరుకు మ్యాట్, స్నానానికి ప్లాస్టిక్ స్టూలు, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి వెలిగే చిన్న బల్బు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు కళ్ళతో చూసి బ్యాలెన్స్ చేసుకుంటారు, చీకటి పడితే ఆ ఆధారం పోతుంది. హవాయి చెప్పులు మాన్పించండి. స్పర్శ తగ్గిన పాదం నుంచి చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు, నాలుగడుగులు వేశాక కిందికి చూస్తే ఉండదు. వెనక పట్టీ ఉన్న తేలికపాటి శాండల్ కావాలి. స్పర్శ లేని చేత్తో నీళ్ళ వేడి చూడటం, కాగిన గిన్నె పట్టుకోవడం కూడా ప్రమాదమే. మోచేత్తో చూసుకోవడం అలవాటు చేసుకోమనండి.

ఇంటికి ఎప్పుడైనా మరమ్మతులు చేయిస్తుంటే తలుపులు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంచండి. వాలు దారి కడితే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, మన అపార్టుమెంట్ల ముందు సిమెంటు పోసి చేసే నిటారు వాలు స్కూటర్ ఎక్కించడానికే పనికొస్తుంది. ఇదంతా ఆమెకు వీల్‌చెయిర్ వచ్చేస్తుందని కాదు. ఇప్పటి మందులతో చాలామందికి ఏళ్ళ తరబడి ఆ అవసరం రాదు.

కర్ర గురించి రెండు మాటలు. నేను కర్ర పట్టిన కొత్తలో చుట్టాలు "అప్పుడే కర్రేమిటే" అని గడ్డం పట్టుకుని ఏడ్చారు. నిజానికి కర్ర వచ్చాకే నేను ఒంటరిగా బజారుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అది చూసి జనం దారి ఇస్తారు, బస్సులో సీటు ఇస్తారు, తూలితే తాగి ఉందని అనుకోరు. బలహీనంగా ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, చాలామంది ఆ కాలి వైపే పట్టుకుంటారు. పాదం వేళ్ళు కిందికి వాలి తట్టుకుంటుంటే ప్లాస్టిక్ స్ప్లింట్ ఉంటుంది, చుడీదార్ కింద కనిపించదు కూడా. వీటిలో ఏది ఎప్పుడు కావాలో ఫిజియో చెప్పిన రోజునే కొనండి, పరువు కోసం ఏడాది ఆగకండి.

మందుల గురించి నాలుగు విషయాలే. మొదటిది, మన దేశంలో ఎమ్మెస్‌లా కనిపించే ఎన్‌ఎంఓ, మాగ్ అనే జబ్బులు తక్కువేమీ కావు. ఎన్‌ఎంఓ ఉన్నవారికి ఎమ్మెస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ ఇస్తే మరింత చెడు జరుగుతుంది. ఆక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీ రక్తపరీక్షలు చేశారా అని ఫైలు తిరగేయండి, లేకపోతే అడగండి. రెండోది ఖర్చు. కొన్ని ఇంజెక్షన్లు లక్షల్లో ఉంటాయి. కానీ రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌కు మన దేశంలో తయారైన చవక రకాలు ఉన్నాయి, మొదటిది 2007లో హైదరాబాద్ కంపెనీ రెడ్డీస్ తెచ్చిందే. ఎమ్మెస్‌కు దీన్ని స్వీడన్‌లో విస్తారంగా వాడుతున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో ఎమ్మెస్ కోసం చేర్చింది. డబ్బు లేదని మందు మానేయడానికి ముందు ఈ మాట డాక్టరుతో ఎత్తండి. అలాంటి మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు తప్పనిసరి. మూడోది, కాళ్ళ బిగువుకు ఇచ్చే బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. ఊరెళ్ళేటప్పుడు మందుల డబ్బా మీ చేతి సంచిలో ఉండాలి. నాలుగోది, స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో పూర్తిగా నయం అని ప్రకటనలిచ్చే క్లినిక్కులకు పోకండి. కీమోథెరపీ ఇచ్చి చేసే ఎముక మజ్జ చికిత్స వేరు, అది పెద్ద ఆస్పత్రుల్లో, తీవ్రమైన కేసులకు చేసేది. మెడలో రక్తనాళాలు వెడల్పు చేస్తే ఎమ్మెస్ పోతుందని 2009 తర్వాత కొన్నేళ్ళు ప్రపంచమంతా పరుగులు తీసింది, మన దేశానికి కూడా విదేశీయులు వచ్చి చేయించుకున్నారు. సరైన పరీక్షల్లో దానివల్ల లాభం లేదని తేలింది. మూలికలు, పథ్యాలు చెప్పే చుట్టాలకు నమస్కారం పెట్టండి, అసలు మందు మాత్రం ఆపనివ్వకండి.

కాగితాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుతో సహా ఉంది. ఈ మాట వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో కూర్చున్నవాళ్ళకే కొన్నిసార్లు తెలియదు. బాగా నడుస్తున్న రోజున వెళ్తే "నీకేం వైకల్యం" అంటారు. అందుకని ఎమ్మారై రిపోర్టులు, అటాక్‌ల డిశ్చార్జ్ సమ్మరీలు, కంటి పరీక్ష, మూత్రాశయం రిపోర్టు, న్యూరాలజిస్టు రాసిన లేఖ వరసగా ఫైలు చేసి పట్టుకెళ్ళండి. ఏపీలో సచివాలయంలో స్లాట్ తీసుకుంటారు, తెలంగాణలో దరఖాస్తు ఎలాగో మీసేవలో అడగండి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే చట్టం కింద చాలా సౌకర్యాలు వర్తిస్తాయి. దివ్యాంగుల పింఛను ఏపీలో 2024 నుంచి నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు, ఆదాయం లాంటి మిగతా షరతులు కుదిరితేనే. ఇప్పుడు ఆమెకు 40 రాకపోవచ్చు. ఫైలు మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి, పాత కాగితాలు పదేళ్ళ తర్వాత దొరకవు.

ఉద్యోగం మాన్పించకండి. ఆమెకు జీతం కంటే కూడా అక్కడ తనో ఉద్యోగి, రోగి కాదు, అదే ముఖ్యం. ప్రైవేటు కంపెనీలు కూడా సమాన అవకాశాల విధానం పెట్టాలని అదే చట్టం చెబుతోంది. హెచ్ఆర్‌తో మాట్లాడేటప్పుడు జబ్బు పేరు చెప్పి ఊరుకోకుండా కావలసింది అడగమనండి: ఇంటి నుంచి పని, మధ్యాహ్నం విరామం, ఆఫీసుకు వెళ్తే లిఫ్టుకు దగ్గరి సీటు. నాలాంటి ప్రభుత్వ ఉద్యోగులకైతే ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేయలేని పని అయితే అదే జీతంతో వేరే పోస్టు చూపాలి. ఇది నేను కాగితం తీసుకెళ్ళి ఆఫీసులో చూపించాకే పని జరిగింది.

ఆమెకు తనలాంటి వాళ్ళతో మాటలు కలపండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది, హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది. ఇంట్లో ఎంత ప్రేమగా ఉన్నా, "కాలి మీద చీమలు పాకుతున్నట్టుంది" అంటే "అవును, నాకూ" అనేవాళ్ళు అక్కడే దొరుకుతారు.

చివరగా పెళ్ళి. చేసుకోవాలా వద్దా అనేది ఆమె ఇష్టం, మీ ఇంటి సమావేశం తేల్చేది కాదు. చేసుకుంటానంటే, జబ్బు దాచి చేయకండి. దాచిన పెళ్ళిలో ఆమె మందు దాచుకుంటుంది, అలసట దాచుకుంటుంది, కొందరైతే ఇంజెక్షన్ మానేస్తారు కూడా. నిశ్చితార్థానికి ముందే అబ్బాయితో ఆమే నేరుగా మాట్లాడాలి, తర్వాత ఇద్దరూ కలిసి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. మా ఆయన అడిగిన ప్రశ్నలు నాకు ఇంకా గుర్తున్నాయి, అన్నీ మంచి ప్రశ్నలే. పిల్లలకు వస్తుందా అన్నారు. ఇది నేరుగా వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం పాశ్చాత్య దేశాల లెక్కల్లో నూటికి రెండు మూడు. గర్భం వస్తే జబ్బు ముదురుతుందన్న పాత భయం కూడా నిజం కాదు. 1998లో యూరప్‌లో 254 మంది తల్లుల మీద చేసిన అధ్యయనంలో గర్భంతో ఉండగా, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, అటాక్‌లు బాగా తగ్గాయి. కాన్పు తర్వాత మూడు నెలల్లో పెరిగాయి. ఆ మూడు నెలలే పుట్టింటివాళ్ళు గట్టిగా నిలబడాల్సిన కాలం. అయితే టెరిఫ్లునమైడ్, ఫింగోలిమోడ్ లాంటి కొన్ని మందులు గర్భానికి ముందే ఆపాలి. టెరిఫ్లునమైడ్‌ను ఒంట్లోంచి మందులతో కడిగేయాల్సి కూడా ఉంటుంది. కాబట్టి పిల్లలు కావాలనుకున్న నాటికి కాదు, పెళ్ళి కుదిరిన నాడే ఆమె వాడుతున్న మందు పేరు రాసుకుని డాక్టరును అడగండి.